పొయ్యి పక్కన రెండో కుండ

కామవరపుకోట చుట్టుపట్ల మెట్ట పల్లెల్లో, క్యాథలిక్కుల ఇళ్లలో పొయ్యి పక్కన ఒకప్పుడు రెండు కుండలుండేవి. పెద్దది ఇంటి బియ్యానిది, చిన్నది గుడి బియ్యానిది. ఇల్లాలు ఎసరు పెట్టి, చేటలో బియ్యం చెరిగి, మట్టిబెడ్డలు ఏరి, కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి చిన్న కుండలో వేసేది. వండేది తవ్వెడైనా సోలెడైనా తీసేది గుప్పెడే. జొన్నలు వండిన పూట జొన్నలే పడేవి. పొయ్యి వెలగని రోజున ఏమీ పడేది కాదు, దాన్ని బాకీ కింద ఎవరూ రాసుకునేవారు కారు. శనివారం రాత్రికి కుండ అడుగున ఎంత చేరితే అంత మూటగట్టి ఆదివారం గుడికి తెచ్చి, పీఠం ముందుంచిన వెదురుబుట్టలో పోసేవారు. దంపుడు బియ్యం, మిల్లు బియ్యం, నూకలు బుట్టలో కలిసిపోయేవి. ఎవరి మూట పెద్దదో, ఎవరిది చిన్నదో ఆ తరవాత ఎవరికీ తెలిసేది కాదు.

సాయంత్రానికల్లా ఆ బియ్యం మళ్లీ పల్లెలోకే వెళ్లేవి. తాడిచెట్టు మీంచి పడి నడుము విరిగిన మనిషి ఇంటికి, పురిటి ఇంటికి, బిడ్డలంతా వలసపోగా ఒంటరిగా మిగిలిన ముసలామెకు. కొంత, పల్లెలో జపాలూ చదువూ నేర్పే ఉపదేశి కుటుంబానికి. కిందటి నెల బుట్టలో పోసిన ఇల్లే ఈ నెల బుట్టలోంచి తీసుకునేది, మళ్లీ పంటకాలంలో పోసేది. పెట్టిన చేయి, పట్టిన చేయి ఒకటే కావడం వల్ల దాన్ని దానమని ఎవరూ అనుకోలేదు. గుడి బియ్యం అనేవారు, అంతే.

ఇప్పుడు ఆ ఇళ్లలో గ్యాసు పొయ్యి ఉంది, కుక్కరుంది, బియ్యం మూత బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ములో ఉన్నాయి. రెండో కుండ లేదు. దాన్ని వద్దని ఏ గురువూ చెప్పలేదు, మానేద్దామని ఏ సంఘమూ తీర్మానించలేదు. కుండ పగిలినప్పుడు మరొకటి కొనలేదు.

విచారణ అనే మాట

తెలుగు క్యాథలిక్కులు గుడినీ దాని కింది పల్లెలనూ కలిపి విచారణ అంటారు. మంచిచెడ్డలు విచారించేవాడు విచారణ గురువు. ఇంత అర్థవంతమైన మాట మరొకటి దొరకదు, ఎందుకంటే పాతకాలపు గురువు పనిలో పూజ ఎంతో, విచారించడమూ అంతే. పిల్లాడు బడికి పోతున్నాడా, కోడలు పుట్టింటినుంచి వచ్చిందా, అప్పు తీరిందా అని అడిగి తెలుసుకునేవాడు.

ఈ ప్రాంతానికి ఆ విచారణలను తెచ్చినవారు ఇటలీ దేశస్థులు. మిలాను నగరంలో 1850లో మొదలైన విదేశ మిషనరీల సంస్థ గురువులు 1855లో హైదరాబాదు చేరి, అక్కణ్నుంచి మచిలీపట్నం, కృష్ణా, గోదావరి తీరాలకు విస్తరించారు. 1937లో బెజవాడ, పీఠాధిపతి ఉండే మేత్రాసనమైంది. అందులోంచి విడిపోయి 1976 డిసెంబరు 9న ఏలూరు మేత్రాసనం ఏర్పడింది. తొలి పీఠాధిపతి ములగాడ జాన్ మూడు దశాబ్దాలకు పైగా ఆ బాధ్యతలో ఉన్నారు. 2013లో పొలిమేర జయరావు రెండో పీఠాధిపతి అయ్యారు. కామవరపుకోట, జంగారెడ్డిగూడెం, చింతలపూడి వైపు మెట్టంతా ఈ మేత్రాసనం కిందిదే.

మెట్ట అంటే వానను నమ్ముకున్న నేల. పొగాకు, మొక్కజొన్న, జీడిమామిడి, ఆ తరవాత పామాయిల్ తోటలు. కూలీల ఏడాది అయితే డెల్టాతో ముడిపడి ఉండేది. ఊడ్పులకూ కోతలకూ బళ్లు కట్టుకుని, లేదా కాలినడకన, ఏలూరు దిగువకూ కొల్లేటి అంచులకూ వెళ్లి, గింజలు కూలి పుచ్చుకుని తిరిగివచ్చేవారు. గుడి బుట్ట నిండే నెలలు, ఒట్టిపోయే నెలలు ఆ రాకపోకలను బట్టే ఉండేవి. ఆషాఢ, శ్రావణాల్లో బుట్టలోంచి తీసుకునేవారే ఎక్కువ.

ఇక్కడి క్యాథలిక్కుల పేర్లలోనే ఒక చరిత్ర ఉంది. రాయప్ప అంటే రాయి అని అర్థం వచ్చే పేరున్న పేతురు. చిన్నప్ప అంటే పౌలు, లాటిన్‌లో ఆ పేరుకు చిన్నవాడని అర్థం. శౌరయ్య, బాలశౌరి అంటే జేవియర్, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్, జోజి అంటే జోసెఫ్. చాలామందికి గుడి పుస్తకంలో ఒక పేరు, బడి రిజిస్టరులో మరో పేరు ఉండేవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. వారిని రాష్ట్రంలో బీసీ-సి జాబితాలో చేర్చారు. జ్ఞానస్నానం పొందిన పేరు బయటికి చెప్పుకుంటే బిడ్డ చదువుకూ కొలువుకూ నష్టమన్న భయం ఇళ్లలో ఉండేది. ఆ భయం అన్యాయమైనది. మాలపల్లెకో గుడిపాక, మాదిగపల్లెకో గుడిపాక ఉండటమూ అలాంటి అన్యాయమే. గుప్పెడు బియ్యం ఆకలిని దాటించాయి గానీ ఆ కులాల గీతను చాలాచోట్ల దాటలేకపోయాయి.

ఉపదేశి ఇల్లు

గురువు నెలకో రెండు నెలలకో వచ్చే మనిషి. రోజూ ఉండేవాడు ఉపదేశి. మట్టిగోడలు, తాటాకు కప్పు, పేడతో అలికిన నేల, అదే పగలు బడి, రాత్రి గుడి. పక్కనే ఉపదేశి కాపురం. గుడిపాక ముందు చింతకొమ్మకో వేపకొమ్మకో రైలుపట్టా ముక్క వేలాడేది. ఉపదేశి ఇనపకడ్డీతో పొద్దున, మధ్యాహ్నం, సందెవేళ మూడుసార్లు కొట్టేవాడు. అది త్రికాల జపానికి పిలుపు. పొలంలో ఉన్న ఆడవాళ్లు నడుమెత్తి, కొంగు తలమీదికి లాక్కుని మంగళవార్త జపం చెప్పుకుని మళ్లీ వంగేవారు. చేతిగడియారాల్లేని రోజుల్లో క్రైస్తవులు కానివారికి కూడా అదే గంట. కూలీలు అన్నానికి లేవడానికి, తల్లులు పిల్లలకు గంజి పొయ్యడానికి ఆ చప్పుడే ఆనవాలు.

ఉపదేశికి మిషను ఇచ్చే జీతం పప్పుకీ ఉప్పుకీ చాలదు. మిగతాది ఊరు చూసేది. కళ్లంలో కుప్ప నూర్చాక ఇంటికింత గింజలు, కొత్త బెల్లం వండితే ఒక అచ్చు, ఈనిన గేదె జున్ను. అతనికి వచ్చిన పని ఇంతా అంతా కాదు. పరలోక జపం నేర్పాలి, సంతకం నేర్పాలి, ఉత్తరాలు చదవాలి, జవాబులు రాయాలి, తాగుబోతును ఇంటికి చేర్చాలి, పాముకాటుకు బండి కట్టించాలి, చావుపడక దగ్గర జపం చెప్పాలి. ఏ ఇంట్లో పొయ్యి రాజుకోలేదో అందరికన్నా ముందు అతనికి తెలిసేది. గుడి బియ్యం పంచేది అతని భార్య. చీకటి పడ్డాక, చేట మీద గుడ్డ కప్పి, వెనకదారిన వెళ్లి ఇచ్చివచ్చేది. ఆ మనిషి పేరు ఏ దేవాలయ చరిత్రలోనూ కనిపించదు. విచారణలను నిజంగా నిలబెట్టినవారిలో ఆమెను మొదట చెప్పాలి.

గురువు వచ్చే రోజు ఊరికి పండుగే. మొదట గుర్రం మీద, ఎడ్లబండి మీద, తరవాత సైకిలు, ఆపైన మోటారుసైకిలు. వెంట పూజపెట్టె, పరుపుచుట్ట. ముందురోజు రాత్రి పాపసంకీర్తనాలు, తగవుల తీర్పులు, పెళ్లి ప్రకటనలు. తెల్లవారగానే బల్లమీద తెల్లగుడ్డ పరిచి పూజ. రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగింది. అంతవరకూ గురువు పీఠం వైపు తిరిగి లాటిన్‌లో పూజ చేస్తుంటే, జనం తెలుగులో జపమాల చెప్పుకునేవారు. ఆ తరవాత గురువు జనం వైపు తిరిగాడు, పూజ తెలుగైంది. సిస్టర్ల మఠంలో పూజ కోసం ఇనపమూసతో అప్పాలు కాల్చి గుండ్రంగా కోయగా మిగిలిన అంచుముక్కలు పొట్లం కట్టి తెచ్చి పిల్లలకు పంచడం కూడా గురువు రాకలో భాగం. నోట్లో వేసుకోగానే కరిగిపోయే ఆ ముక్కల కోసం కులమతాలతో పనిలేకుండా ఊరి పిల్లలంతా చేరేవారు.

వేలంపాట

పంట చేతికొచ్చిన తరవాతి ఆదివారం కానుకల పండుగ. డబ్బు అరుదు గనక కానుకలన్నీ వస్తువులే. తొలి గుమ్మడికాయ, అరటిగెల, మొక్కజొన్న పొత్తుల కట్ట, కాళ్లు కట్టిన కోడిపుంజు, తవుడు గంపలో పేర్చిన గుడ్లు, తాటిబెల్లం, నిమ్మకాయలు, ఒక్కోసారి మేకపిల్ల. పూజ జరుగుతున్నంతసేపూ కోళ్లు అరుస్తూనే ఉండేవి. అప్పం ఎత్తినప్పుడు చిరుగంట మోగితే మేకపిల్ల బదులు పలికేది. ఎవరూ విసుక్కునేవారు కారు.

పూజయ్యాక గుడి ముందు వేలం. గొంతున్న మనిషి ఒకడు అరుగెక్కి గుమ్మడికాయను నెత్తిమీదికెత్తి పాట మొదలుపెట్టేవాడు. "పావలా! పావలా ఒకటోసారి!" మొదటి పాట ఎప్పుడూ చిన్నదే. తరవాత పంతం పెరిగేది. బావ అర్ధరూపాయంటే బావమరిది ముప్పావలా. వేలంపాటలో ధరకూ సరుకుకూ పొంతన ఉండదు. సంతలో పావలా చేసే కాయ ఇక్కడ మూడు రూపాయలకు పోయేది, ఎందుకంటే కొనేవాడు కాయను కొనడం లేదు. జ్వరం నుంచి లేచిన బిడ్డకు మొక్కు తీరుస్తున్నాడు, లేదా కొత్తగా కూలి నుంచి కౌలుకు ఎదిగిన సంగతి నలుగురిలో చెప్పుకుంటున్నాడు. పాడుకున్న కాయను తిరిగి గుడికే ఇచ్చేసేవారుండేవారు. అదే కాయ రెండోసారి వేలానికి వచ్చేది. చివరికి ఏ ముసలామె ఒళ్లోనో పెట్టి దండం పెట్టేవారు.

ఒక కోడిగుడ్డు మీద సాగే పాట అన్నిటికన్నా గొప్పది. ఏమీ లేని విధవరాలు తెచ్చిన ఒక్క గుడ్డును పాటగాడు కావాలనే చివరికి ఉంచేవాడు. గుడిముందంతా నిశ్శబ్దమయ్యేది. దాన్ని పోటీపడి పాడి, పాడి, పుంజు కన్నా ఎక్కువకు తీసుకెళ్లేవారు. ఎవరిదో పాటగాడు చెప్పడు. అందరికీ తెలుసు. ఆమె వెనకవరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉండేది.

వచ్చిన డబ్బుతో తాటాకు కప్పు మార్చేవారు, లాంతరుకు కిరసనాయిలు, రైలుపట్టాకు కొత్త గొలుసు. ఇంకొంత మిగిలితే గుడికి వంటసామాను కొనేవారు. గుండిగ, అండా, గరిటెలు, జంబుఖానా. పెళ్లికైనా చావుకైనా పల్లెలో ఎవరైనా అద్దె లేకుండా పట్టుకెళ్లవచ్చు, తోమి తిరిగిస్తే చాలు. షామియానా దుకాణాలు రాకముందు పేదింటి పెళ్లి పరువు దక్కించినవి ఆ గిన్నెలే. ఇప్పుడు కొన్ని గుళ్లలో అవి మూలగదిలో, చిలుము పట్టి, బోర్లించి ఉన్నాయి.

చేతులు కలిసిన బొమ్మ

సముద్రం దాటి వచ్చిన సహాయం వేరే రకం. అమెరికా 1954లో చేసిన పీఎల్-480 చట్టం కింద మిగులు ఆహారం దేశదేశాలకు వచ్చింది. దాన్ని విచారణలకు చేర్చినది క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్. పాలపొడి డబ్బాలు, గోధుమనూక బస్తాలు, వంటనూనె డబ్బాలు. వాటిమీద రెండు చేతులు కలిసిన బొమ్మ, అమెరికా ప్రజలిచ్చినది, అమ్మరాదు అని ఇంగ్లీషు రాత. మఠం ఆవరణలో పెద్ద గంగాళంలో పాలపొడి కలిపి, తెడ్డుతో తిప్పి, చెంబులూ సత్తుగిన్నెలూ పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలకు పోసేవారు. ఆవిరి, అడుగంటిన వాసన, గిన్నెల గలగల. నూకతో ఉప్మా చేసేవారు. బస్తాలు విప్పి కుట్టుకుంటే చొక్కాలు, డబ్బాలు కోసి పరిస్తే వంటపాక మీద రేకులు. ఏదీ పారేయలేదు.

దానికో చేదు కూడా ఉంది. పాలపొడి కోసం మతం పుచ్చుకున్నారన్న ఎత్తిపొడుపు ఆ తరమంతా మోసింది. రోజూ తన బియ్యంలోంచి గుప్పెడు తీసి పక్కింటికి పంపిన ఇల్లాలిని పాలపొడికి అమ్ముడుపోయిందనడం కన్నా అన్యాయం లేదు. అయినా వరసలో నిలబడి గిన్నె చాపడానికీ, బుట్టలో అందరితోపాటు పోసి అవసరానికి తీసుకోవడానికీ తేడా ఉందని ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా గుర్తుంచుకున్నారు.

సిస్టర్ల మందుల గది మీద మాత్రం ఎవరికీ ఫిర్యాదు లేదు. ఇంటినుంచి సీసా తెచ్చుకోవాలి. ఎర్రటి మిక్చరు పోసి, మోతాదు గుర్తులుగా అంచు కత్తిరించిన కాగితం పట్టీని సీసా పక్కన మెతుకుతో అంటించేవారు. గజ్జికి తెల్లమందు, పుండుకు టించరు. పురుడు కష్టమైతే సిస్టరుగారే లాంతరు పట్టుకుని నడిచి వచ్చేది. చదువు బాధ్యత బోర్డింగులది. ట్రంకుపెట్టె, సత్తు పళ్లెం, దుప్పటితో వెళ్లిన పిల్లలకు ఇటలీలో ఎవరో దత్తత తల్లిదండ్రులుండేవారు. ఏడాదికోసారి క్రిస్మస్‌కు వారికి పిల్లలు ఉత్తరం రాసేవారు. ఎన్నడూ చూడని మనిషికి ఏం రాయాలో తెలియక వాన గురించి, పరీక్ష మార్కుల గురించి రాసేవారు. జేఎంజే సిస్టర్లు ఏలూరులో 1953లో స్థాపించిన సెయింట్ థెరీసా కాలేజీ దాకా చదువుకున్న ఆడపిల్లల్లో కొందరు ఆ బోర్డింగుల నుంచే నడిచివచ్చారు.

ఇద్దరిద్దరుగా

పెద్ద విచారణల్లో విన్సెంట్ ది పాల్ సంఘం ఉండేది. పారిస్‌లో 1833లో ఫ్రెడరిక్ ఓజానామ్ అనే ఇరవయ్యేళ్ల విద్యార్థి తోటివారితో కలిసి మొదలుపెట్టిన సంఘమది. దాని పద్ధతి మెట్ట పల్లెకు చక్కగా కుదిరింది. వారానికోసారి సమావేశం. చివర్లో ఒక సంచి చేతులు మారుతుంది. ఎవరి పిడికిలి సంచిలో ఏం వదిలిందో పక్కవాడికి తెలియదు. ఏమీ లేనివాడు ఒట్టి పిడికిలి పెట్టి తీయవచ్చు. సహాయం పంపడం ఉండదు, ఇద్దరిద్దరుగా ఇంటికి వెళ్లి కూర్చోవాలి. మంచం మీద మనిషితో వానల గురించి, మనవళ్ల గురించి మాట్లాడి, లేచేటప్పుడు దిండు కింద పెట్టి రావాలి. మరియదళం అనే జపసంఘం ఆడవాళ్లూ అలాగే ఇళ్లకు వెళ్లేవారు. వారు తీసుకెళ్లేది జపం, చేసివచ్చేది చాకిరి. కుండలో నీళ్లు నింపేవారు, ముసలివాళ్ల బట్టలు ఉతికేవారు.

చావు వచ్చినప్పుడు రైలుపట్టా మీద దెబ్బలు ఆగి ఆగి పడేవి. ఆ మోత విన్నవారు చేలో పని వదిలి వచ్చేవారు. ఒకరు కర్ర తెచ్చేవారు, ఒకరు గొయ్యి తీసేవారు, వడ్రంగి పెట్టెకు కూలి అడిగేవాడు కాదు. ఆ ఇంట మూడు రోజులు పొయ్యి వెలగదు గనక వరసలవారీగా అన్నం వచ్చేది. వదిన అన్నం తెస్తే పిన్ని పులుసు తెచ్చేది. ఆ రోజుల్లో చావుకు అప్పు చేసిన ఇల్లు అరుదు.

ఏది మారింది

మొదట మారినది ఆకలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. రేషను దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడటంలో దేబిరింపు లేదు, అది హక్కు. తరవాత పింఛన్లు, ప్రభుత్వ హాస్టళ్లు, 2007లో ఆరోగ్యశ్రీ. గుప్పెడు బియ్యం మోసిన బరువును ప్రభుత్వం ఎత్తుకుంది. మందుల గది ముందు సీసాలు పట్టుకున్న వరస పోయింది. ఇది నికరమైన లాభం. పాతరోజులే బాగుండేవని అనేవారు ఆషాఢమాసపు ఖాళీ బుట్టను తలచుకోవాలి.

విదేశీ నిధులు కూడా సన్నగిల్లాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణతో ఆ డబ్బంతా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, అందుకున్న సంస్థ మరో సంస్థకు ఇవ్వకూడదు. దూరాన ఉన్న చిన్న బోర్డింగుకు ఇది గట్టి దెబ్బ. మరోవైపు, ఇటలీ గురువులు వచ్చిన ఈ నేలనుంచే ఇప్పుడు తెలుగు గురువులు అమెరికాకూ ఐరోపాకూ వెళ్లి అక్కడి విచారణలు చూస్తున్నారు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. ఆ స్థానం పొందిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే.

గుళ్లు మారాయి. తాటాకు పోయి స్లాబు వచ్చింది, గోపురానికి రంగులైట్లు, గంటకు బదులు మైకు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన గోదావరి జిల్లాల ఆడవాళ్ల డబ్బు ఆ గోడల్లో చాలా ఉంది. ఆ కష్టానికి చేతులెత్తి మొక్కాలి. ఇప్పుడు ఇచ్చినవారి పేర్లు పలక మీద చెక్కుతున్నారు, ఎంత ఇచ్చారో కూడా. పేరు చెక్కడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కామవరపుకోట మండలంలోనే, జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహల కొండ మీద, మండపం ఇచ్చిన దాత పేరు రెండువేల ఏళ్లనాటి రాతిలో ఉంది. దానికీ ఒక గౌరవముంది. కానీ పలక మీదికి ఎక్కడానికి కొంత పైకం కావాలి. ఒక్క గుడ్డు తెచ్చినామెకు దానిమీద చోటు లేదు. వేలంపాట ఇప్పుడూ అక్కడక్కడా జరుగుతుంది. వస్తువులు కొనుక్కొచ్చి పెడతారు, పాటగాడు మైకులో పేర్లు చదువుతాడు.

ఉపదేశి కూడా దాదాపు లేడు. గురువు కారులో వచ్చి పూజ చేసి వెళ్లగలడు గనక మధ్యమనిషి అవసరం తగ్గింది. దానితో, ఏ ఇంట్లో పొయ్యి రాజుకోలేదో ముందుగా తెలిసే మనిషి పోయాడు. ఇప్పటి కష్టాలు బియ్యంతో తీరేవి కావు. డయాలసిస్, ఇంజినీరింగు ఫీజు, కువైట్ ఏజెంటు చేసిన మోసం. వాటికి ఫోన్లలో సందేశం పెట్టి చందాలు ఎత్తుతారు, ఒక్కరాత్రిలో వేలు చేరతాయి. గుప్పెడు బియ్యం అంత పని ఎన్నడూ చేయలేదు. అయితే ఆ సందేశంలో రోగి ఫొటో, ఇంటిపేరు, జబ్బు పేరు అందరి ఫోన్లకూ చేరతాయి. చీకట్లో వెనకదారిన చేట మీద గుడ్డ కప్పుకుని వెళ్లిన ఉపదేశి భార్య ఎంతో జాగ్రత్తగా దాచినది ఆ ఫొటోయే.

నవంబరు 2 సమాధుల పండుగ నాడు మాత్రం పాతరీతి ఇంకా నడుస్తోంది. వారం ముందునుంచే గడ్డి చెక్కి, సున్నం కొట్టి, బంతిపూలు చుట్టి, సాయంత్రం గురువు వచ్చి తీర్థజలం చల్లాక కొవ్వొత్తులు వెలిగిస్తారు. కువైట్ నుంచి, హైదరాబాదు నుంచి ఆ రోజుకు వచ్చేవారున్నారు. ప్రతి సమాధుల దొడ్డిలోనూ పేరు చెరిగిపోయినవి కొన్ని ఉంటాయి. వాళ్ల తరఫువారు పోయారు, లేదా వలసపోయి తిరిగి రాలేదు. ఆడవాళ్లు తమవారికి అయిదు కొవ్వొత్తులు కావాలంటే ఏడు తెస్తారు. మిగిలిన రెండూ ఆ మట్టిదిబ్బల దగ్గర పాతి, గాలికి ఆరిపోకుండా కాసేపు చేయి అడ్డం పెట్టి, లేచి వెళ్లిపోతారు.